గళ్ల కప్పు చుట్టూ 14 నెలలు: ఒక చిన్న సీడ్ గ్రాంట్ కేస్ స్టడీ

మా పీజీ అమ్మాయి నా దగ్గరికి తెచ్చిన మొదటి ప్రపోజల్‌లో అడిగిన డబ్బు 18 లక్షలు. చివరికి మేం చేసిన పనికి, అంటే టీబీ పరీక్షకి రోగులు గళ్ల (దగ్గితే వచ్చే తెమడ) ఇచ్చే చోటుకి చాటు కట్టి చూడటానికి, మంజూరైంది 60 వేలు. అందులోనూ 7 వేల చిల్లర మిగిలిపోయింది. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో రాసి పెట్టుకోవాలనిపించింది. ముఖ్యంగా పీజీలకు గైడ్‌గా ఉండే వాళ్లకీ, చిన్న గ్రాంట్లు ఇచ్చే కమిటీల్లో కూర్చునే వాళ్లకీ.

నేను ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఊపిరితిత్తుల వ్యాధుల విభాగంలో పని చేస్తున్నాను. కాలేజీ పేరు, ఆ పీజీ పేరు, డబ్బిచ్చిన వాళ్ల పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇందులో కొన్ని ఫిర్యాదులున్నాయి, వాటిలో సగం నా మీద నేను చేసుకునేవే.

మొదటి ప్రపోజల్

మందులకు లొంగని టీబీ క్రిముల జన్యుక్రమం చదవాలన్నది ఆమె ఆలోచన. మన జిల్లాల్లో ఏ రకం క్రిమి తిరుగుతోంది, ఎవరి నుంచి ఎవరికి పోతోంది అన్నది తేల్చాలి. ప్రశ్నలో తప్పేం లేదు, మంచి ప్రశ్నే. కానీ మా దగ్గర ఆ మెషీన్ లేదు, ఆ క్రిమిని పెంచే స్థాయి ల్యాబ్ లేదు, ఆ డేటా చదవగలిగిన మనిషి లేడు. పీజీకి ఉండేది మూడేళ్లు, అందులో ఒక ఏడాది అప్పటికే అయిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ మాట ఆమెతో అనలేదు. కొన్నేళ్ల కిందట ఇలాగే వచ్చిన ఇంకో కుర్రాడితో అన్నాను. అతను నవ్వి వెళ్లిపోయాడు, మళ్లీ ప్రపోజల్ పట్టుకుని రాలేదు. థీసిస్ ఏదో చేశాడు, చేయాలి కాబట్టి.

అంతకుముందు నా చేతి మీదుగా రెండు సీడ్ గ్రాంట్లు వెళ్లాయి. ఒకటి పిల్లల్లో న్యుమోనియా మీద. డేటా అంతా సేకరించారు, రిజిస్టర్లు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, పేపర్ రాలేదు. రెండోది ఫ్లూ మీద. పేపర్ వచ్చింది, కానీ రాసింది నేను. అతను పంపిన డ్రాఫ్ట్‌ని రెండు రాత్రులు కూర్చుని మొత్తం మార్చేశాను. మొదటి పేరు అతనిదే పెట్టాను, ఉపకారం చేశాననే అనుకున్నాను. ఆ తర్వాత అతను పరిశోధన జోలికే పోలేదు. "అందులో నాదేం మిగల్లేదు సార్" అని చాలా కాలం తర్వాత ఒక పెళ్లిలో అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఈసారి 18 లక్షల ప్రపోజల్ చూసి వద్దనలేదు, సరేననీ అనలేదు. "ఒక వారం మన ల్యాబ్ కిటికీ దగ్గర కూర్చో అమ్మా. గళ్ల కప్పులు ఎలా వస్తున్నాయో చూడు. రోజూ సాయంత్రం ఒక పేజీ రాసి తీసుకురా" అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. పరిశోధన అంటే పెద్ద ల్యాబ్, పెద్ద యంత్రం అనే అభిప్రాయం మన పిల్లల్లో బలంగా ఉంది. అప్పుడు ఆమెకి మదనపల్లె గురించి చెప్పాను. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం, అంటే టీబీ ఆస్పత్రి, 1915లో మొదలైంది. దాన్ని నడిపిన ఫ్రిమోట్-మోలర్, తర్వాత ఆయన కొడుకు, ఇద్దరూ డెన్మార్క్‌కి చెందిన వైద్యులు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో మనుషుల్ని ఏళ్ల తరబడి వెంటాడి చూసి టీబీ ఎలా వ్యాపిస్తుందో లెక్కలు కట్టారు. అక్కడ పెట్టుబడి యంత్రం కంటే ఓపికే. ఆమె విన్నది, పెద్దగా నమ్మినట్టు కనపడలేదు.

కిటికీ దగ్గర వారం

మొదటి రెండు రోజుల పేజీల్లో ఏం లేదు. ఎన్ని కప్పులు వచ్చాయి, ఎన్నింటిని ల్యాబ్ వాళ్లు తిప్పి పంపారు, అంతే. మూడో రోజు మా సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్ మాట ఒకటి రాసుకొచ్చింది: "మేడమ్, ఆడవాళ్ల కప్పు అయితే మూత తీయక్కర్లేదు, ఉమ్మే ఉంటుంది."

ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఎప్పుడూ దాన్ని ప్రశ్నగా చూడలేదు. ఆడవాళ్లకి గళ్ల రాదు, అంతే అనుకున్నాను. మా విభాగంలో అందరూ అలాగే అనుకున్నారు.

టీబీ పరీక్షకి కావలసింది నోట్లో ఊరే ఉమ్ము కాదు. ఛాతీ లోపల్నుంచి దగ్గితే వచ్చే చిక్కటి గళ్ల, కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. సీబీనాట్, ట్రూనాట్ అనే జన్యు పరీక్షలైనా, ఎంత గొప్ప యంత్రమైనా కప్పులో ఉన్నదాన్నే చదువుతుంది. గంటన్నర, రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో చెబుతుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. కప్పులో ఉమ్ము పోస్తే మాత్రం 'క్రిమి లేదు' అని రావచ్చు. ఆ కాగితం పట్టుకుని మనిషి ఇంటికెళ్లిపోతుంది. మూడు నెలలకి ఇంకా చిక్కి మళ్లీ వస్తుంది, లేదా రాదు.

నాలుగో రోజు ఆమె కిటికీ వదిలేసి కప్పుల వెనకాలే వెళ్లింది. ఓపీలో కప్పు చేతికిచ్చి, "బయటికెళ్లి గళ్ల తీసి తీసుకురా" అని చెబుతాం. బయట అంటే ఎక్కడ? గాలి ఆడే చోట, మనుషులకి దూరంగా అని నిబంధన. మా దగ్గర ఆ చోటు గేటు పక్కన గోడ వార. అటు ఆటోలు, ఇటు టీ కొట్టు. ఖాండ్రించి ఉమ్మడం మగవాళ్లకి ఏం కాదు, వీధిలో రోజూ చేసేదే. ఒక కోడలు కప్పు కొంగు చాటున పట్టుకుని అలా నిలబడి ఉంటే ఈ అమ్మాయి వెళ్లి అడిగింది. ఆవిడ అన్నది అన్నట్టే రాసుకొచ్చింది: "మా మావగారు అక్కడే కూకున్నారు కదమ్మా. ఆయన ఎదుట ఎలగ ఖాండ్రించీది?"

ఆ సాయంత్రం ఆమె తెచ్చిన పేజీ చదివి కొంచెంసేపు ఏం మాట్లాడలేకపోయాను. ఆ గోడ పక్కనుంచి నేను రోజూ కారులో వెళ్తాను.

"అది ఎప్పుడో చేసేశారు సార్"

వారం తిరిగేసరికి ఆమె పాత పేపర్లు వెతికి నీరసంగా వచ్చింది. 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పాకిస్తాన్‌లోని రావల్పిండి అధ్యయనం ఒకటి వచ్చింది. 3 వేలమందికి పైగా అనుమానిత రోగుల్ని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి గళ్ల ఎలా తీయాలో వివరంగా చెప్పి, రెండో గుంపుకి మామూలుగా కప్పిచ్చారు. వివరం చెప్పిన గుంపులో ఆడవాళ్లలో 13 శాతం మందికి స్మియర్ పాజిటివ్ వచ్చింది, అంటే మైక్రోస్కోపు కింద క్రిమి కనపడింది. చెప్పని గుంపులో 8 శాతమే. మగవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

"అయిపోయింది కదా సార్, ఇంకా మనం చేసేదేముంది?"

ఇక్కడే చాలామంది పిల్లలు ఆగిపోతారు. వాళ్ల ప్రశ్న ఎవరో అడిగేశారని తెలియగానే అది వాళ్లది కాకుండా పోతుంది. నేను రెండు విషయాలు చెప్పాను. అది మైక్రోస్కోపు కాలం నాటి పని. ఇప్పుడు మన దగ్గర జన్యు పరీక్ష యంత్రాలున్నాయి, అవి తక్కువ క్రిమి ఉన్నా పట్టేస్తాయి. అందువల్ల ఆ తేడా అలాగే ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. ఇక రెండోది: వాళ్లు చూసింది చెప్పడం గురించి, మన గోడ గురించి కాదు. చోటు మారిస్తే ఏమవుతుందన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే.

ఆమెని ఒక చోట పగ్గం వేసి లాగాల్సొచ్చింది కూడా. ప్రపోజల్ మొదటి పేజీలో "ఆడవాళ్లలో టీబీ తక్కువగా నమోదు కావడానికి కారణం ఇదే" అని రాసింది. అలా రాయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2023లో టీబీ వచ్చిన వాళ్లలో 55 శాతం మగవాళ్లు, 33 శాతం ఆడవాళ్లు, మిగతా 12 శాతం పిల్లలు. ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేల్లో కూడా, మన దేశంలో 2019–21లో చేసిన దానితో సహా, మగవాళ్లలోనే టీబీ ఎక్కువ కనపడింది. పొగ, మద్యం, పని చోట్లు, బయట తిరుగుడు, వీటన్నిటి పాత్రా ఉంది. ఆడవాళ్లకి జబ్బు నిజంగానే కొంత తక్కువ. ఆ తక్కువ మీద, ఉన్న జబ్బు కూడా మన చేతకానితనం వల్ల దొరక్కుండా పోతోందా అన్నదే మన ప్రశ్న. ఈ రెండిటికీ తేడా ఆమెకి అర్థం కావడానికి ఒక నెల పట్టింది. అర్థమయ్యాక ప్రపోజల్ 12 పేజీల నుంచి 4 పేజీలకి దిగింది.

ఏం కొలవాలి

స్టాటిస్టిక్స్ చూసే కమ్యూనిటీ మెడిసిన్ మిత్రుడి దగ్గరికి డేటా అంతా అయ్యాక కాకుండా ముందే తీసుకెళ్లాను. ఈ కేసులో నేను చేసిన మంచి పని ఇదొక్కటే అయినా ఒప్పుకుంటాను. ఆయన పది నిమిషాల్లో తేల్చేశాడు: పాజిటివ్‌లు పెరిగాయా అని చూడాలంటే మీకు రెండేళ్లు కావాలి, అనుమానితుల్లో పాజిటివ్ వచ్చేది కొద్దిమందికే. మీకున్నది కొన్ని నెలలు. కాబట్టి కప్పులో ఉన్నది పరీక్షకి పనికొచ్చేదా కాదా అన్నదే ప్రధానంగా కొలవండి, పాజిటివ్‌ల సంగతి రెండో వరసలో పెట్టుకోండి.

ఆమెకి ఇది నచ్చలేదు. "పనికొచ్చే కప్పు" అంటే ఎవరు చదువుతారు సార్ అంది. నిజమే, శీర్షికకి అందం తక్కువ. కానీ జవాబు రాని ప్రశ్న కంటే అందం లేని ప్రశ్న నయం కదా.

ఇంకో చిక్కు: గళ్ల నాణ్యత చూసి చెప్పేది ల్యాబ్ టెక్నీషియనే. మార్పు చేశామని ఆయనకి తెలుసు. తెలియకుండానే రెండో విడత కప్పులకి ఉదారంగా మార్కులేస్తాడు. దీనికి ఆమే ఒక ఉపాయం చెప్పింది. ప్రతి కప్పునీ మూత తీయకముందే, పేరూ నంబరూ కనపడకుండా, ఒకే నల్ల కాగితం మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీయడం. కప్పు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి చూస్తే ఎంత ఉందో, నురగ ఉమ్మో చిక్కటి గళ్లో తెలుస్తుంది. ఆ ఫోటోలన్నీ కలగలిపి వేరే ఊళ్లో ఉన్న మరో టెక్నీషియన్‌కి పంపాం. ఏది మార్పుకి ముందుదో ఏది తర్వాతదో ఆయనకి తెలియదు. దీనికి ఖర్చు నల్ల కాగితం ధర.

ఎథిక్స్ కమిటీలో రెండు నెలలు పట్టింది. వాళ్ల ప్రధాన అభ్యంతరం తెలుగు కన్సెంట్ ఫారం మీద. న్యాయంగానే అడిగారు. మేం రాసిన ఫారంలో "శ్లేష్మ నమూనా సేకరణ ప్రక్రియ" అని ఉంది. అది చదివితే మా అమ్మకి కూడా అర్థం కాదు. "గళ్ల ఇచ్చే చోటు మార్చి చూస్తున్నాం. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ వైద్యం మారదు" అని తిరగరాశాం. ఈ తెలుగు రాయడానికి మాకు ఇంగ్లీషు ప్రపోజల్ కంటే ఎక్కువ సమయం పట్టింది.

డబ్బు

మంజూరు ఉత్తర్వు ప్రపోజల్ పంపిన రెండు నెలలకే వచ్చింది. అందరం మిఠాయిలు తిన్నాం. డబ్బు వచ్చింది ఆ తర్వాత నాలుగు నెలలకి, అది కూడా సగం. మిగతా సగం, మొదటి సగానికి ఖర్చుల లెక్కలు చూపిస్తే. గళ్ల ఇచ్చే వాళ్లకి చాటు కట్టడానికి ఇనుప గొట్టాలు, ఆకుపచ్చ నీడ వల కొనాలంటే మూడు కొటేషన్లు కావాలన్నారు. మా ఊళ్లో అవి అమ్మే కొట్లు రెండే. మూడో కొటేషన్ కోసం ఆమె పక్క ఊరికి బస్సెక్కి వెళ్లింది. ఆ బస్సు చార్జీ పెట్టుకోవడానికి గ్రాంట్‌లో పద్దు లేదు.

ఇలాంటివి చెప్పుకుని నవ్వుకోవచ్చు. కానీ పీజీకి నాలుగు నెలలంటే నవ్వుకునే విషయం కాదు. ఆమె పరీక్షలు, నైట్ డ్యూటీలు, ఇతర విభాగాల్లో పోస్టింగులు ఏవీ డబ్బు కోసం ఆగవు. నా పాత న్యుమోనియా ప్రాజెక్టు సరిగ్గా ఇక్కడే చచ్చిపోయింది. డబ్బు వచ్చేసరికి ఆ కుర్రాడు ఐసీయూ పోస్టింగ్‌లో ఉన్నాడు, తిరిగొచ్చేసరికి ఊపు పోయింది.

ఆ అనుభవంతో ఈసారి పనిని ముందే రెండు ముక్కలు చేసి పెట్టాం. మొదటి ముక్క అంటే మార్పుకి ముందు కప్పుల్ని కొలవడం. దీనికి పైసా అక్కర్లేదు, ఫోను, రిజిస్టరు, ఆమె సమయం చాలు. డబ్బు కోసం ఎదురుచూసిన నెలలన్నీ ఈ పనిలో గడిచాయి. చిన్న గ్రాంట్‌తో పని చేసే ఎవరికైనా నేను చెప్పగలిగింది ఇదే: మొదటి మూడు నెలలు రూపాయి లేకుండా నడిచేట్టు ప్రాజెక్టు గీసుకోండి. డబ్బు ఆలస్యంగా వస్తుంది. వస్తే రావచ్చు, రాకపోవచ్చు అన్నట్టే బతకాలి.

కమిటీల వాళ్లకి కూడా ఒక మాట. 60 వేలు ఇచ్చే చోట 6 లక్షలకి పెట్టే నిబంధనలే పెడితే, ఆ డబ్బు ఇచ్చిన దానికంటే తీసుకునే శ్రమే ఎక్కువవుతుంది. అయినా ఆ 60 వేలు లేకపోతే ఈ పని జరిగేది కాదు. వల కొనడం వల్ల కాదు, వల నా జేబులోంచి కూడా కొనగలను. మంజూరు కాగితం చేతిలో ఉండటం వల్ల సూపరింటెండెంట్ గారు చాటుకి స్థలం ఇచ్చారు, ల్యాబ్ వాళ్లు ఫోటోలకి ఒప్పుకున్నారు, ఆమెకి వారానికి ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వదిలారు. సర్కారీ ఆస్పత్రిలో కాగితానికి ఉండే బలం డబ్బుకి లేదు.

గురువారం మూడు గంటలు

నాకు ఈ పద్ధతి సొంతంగా తట్టింది కాదు. 2009లో యూనియన్ అనే అంతర్జాతీయ టీబీ సంస్థ, ఎంఎస్‌ఎఫ్ అనే వైద్య సేవా సంస్థ కలిసి ఒక ఆపరేషనల్ రీసెర్చ్ (ఉన్న వైద్య సేవల్ని ఎలా మెరుగుపరచాలో చూసే పరిశోధన) కోర్సు మొదలుపెట్టాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థలోని టీడీఆర్ విభాగం దాన్ని 'సార్ట్ ఇట్' పేరుతో చాలా దేశాలకి తీసుకెళ్లింది. అందులో మూడు విడతలు: ప్రశ్న, ప్రొటోకాల్ ఒకసారి, డేటా, విశ్లేషణ ఒకసారి, పేపర్ రాయడం ఒకసారి. ప్రతి విడతకీ గడువు ఉంటుంది. గడువు తప్పితే తర్వాతి విడతకి పిలవరు, ఎంత గొప్పవాడైనా సరే. మూడో విడత అయిన నాలుగు వారాల్లో పేపర్ జర్నల్‌కి వెళ్లాలి. పక్కనే కూర్చుని పని చేయించే మెంటర్ ఉంటాడు.

మన దేశంలో టీబీ కార్యక్రమంలో ఈ తరహా చిన్న పనులు పెద్ద నిర్ణయాలకి దారి తీశాయి. 2012లో టీబీ రోగులకి మధుమేహం పరీక్ష చేసి చూశారు. 8 వేలమందికి పైగా చూస్తే 13 శాతం మందికి ఉంది, దక్షిణాదిలో ఇంకా ఎక్కువ. అది తర్వాత దేశమంతా టీబీ రోగులందరికీ షుగర్ పరీక్ష చేయాలన్న విధానంగా మారింది. మా పక్కనే విజయనగరం జిల్లాలో టీబీ అనుమానితులకి హెచ్ఐవీ పరీక్ష చేయడం మామూలు ఆస్పత్రుల్లో, ఉన్న సిబ్బందితో సాధ్యమేనా అని చూశారు. అది 2012లో ప్లాస్ వన్ అనే జర్నల్‌లో అచ్చయింది. కర్ణాటకలో మాండ్యలోనూ ఇలాంటి పనే జరిగింది. ఆ తర్వాత హెచ్ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో అనుమానితులకి కూడా ఆ పరీక్ష మొదలైంది. ఈ మూడింటిలో ఒక్కదానికీ కొత్త యంత్రం కనిపెట్టలేదు.

మేం ఆ కోర్సు నుంచి గడువుల పద్ధతి ఎత్తుకొచ్చాం. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి నలభై నిమిషాలు. ఆమె ఒక పేజీ తేవాలి: ఈ వారం ఏం చేశాను, ఏం ఆగింది, వచ్చే వారం ఏం చేస్తాను. పేజీ లేకుండా వస్తే టీ తాగి పంపించేస్తాను. రెండు గురువారాలు వరసగా పేజీ లేకపోతే ప్రాజెక్టు ఆపేద్దామని ముందే మాట్లాడుకున్నాం. నాకు కూడా ఒక షరతు పెట్టింది ఆమె, నవ్వుతూనే: "మీరు గురువారం మీటింగుకి వెళ్లిపోతే సార్, వచ్చే గురువారం నేను పేజీ తేను." ఆ 14 నెలల్లో నేను ఆరుసార్లు తప్పాను, ఆమె మూడుసార్లు. అదేదో గొప్ప లెక్క కాదు గానీ, ఎవరి వైపు నుంచి పని ఆగుతుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

చెడిపోయినవి

మార్పుకి ముందు కొలతల్లో మొదటి మూడు వారాల డేటా పారేయాల్సొచ్చింది. కప్పు అప్పటికప్పుడు ఇచ్చిందా, పొద్దున్నే ఇంటి దగ్గర తీసి తెచ్చిందా అన్నది ల్యాబ్ రిజిస్టర్‌లో రాయట్లేదు. పొద్దుటి గళ్ల ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది, రాత్రంతా లోపల చేరింది కాబట్టి. రెండూ కలిపేస్తే లెక్క అర్థం లేకుండా పోతుంది. ఇది మొదటి రోజే నేను చూసుండాల్సింది. ఆమె నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

చాటు తయారైంది. పాత ఎక్స్‌రే గది వెనక, మూడు వైపులా వల, పైన తెరిచే ఉంది, గాలి ఆడాలి కదా. లోపల ఒక కుళాయి, మూత ఉన్న బకెట్టు. బొమ్మల కార్డు ఒకటి: రెండుసార్లు నిండా గాలి పీల్చి వదలండి, మూడోసారి పీల్చి ఆపి, పొట్ట లోపల్నుంచి దగ్గండి. చేసి చూపించడానికి ఒక స్టాఫ్ నర్సుని ఇచ్చారు. ఆరో వారానికి ఆవిడకి బదిలీ అయింది.

అప్పుడు మా అమ్మాయే రంగంలోకి దిగింది. పది రోజులు తనే నిలబడి చూపించింది. కప్పులు అద్భుతంగా వచ్చాయి. గురువారం పేజీ చూసి నేను ఆపేయమన్నాను. ఆమెకి కోపం వచ్చింది. "రోగులకి మంచే జరుగుతోంది కదా సార్!" నిజమే. కానీ ఈ ప్రాజెక్టు ఒక డాక్టరు పట్టుదల ఎంత బాగా పని చేస్తుందని కాదు కదా చూస్తోంది. రేపు ఆమె వెళ్లిపోయాక కూడా నడిచేది కావాలి. ఆ పది రోజుల కప్పుల్ని లెక్కలోంచి తీసి, ఎందుకు తీశామో రాశాం.

మనిషి దొరికింది అనుకోకుండా. మా దగ్గరే వైద్యం పూర్తి చేసుకుని, టీబీ కార్యక్రమంలో ఛాంపియన్‌గా (జబ్బు నయమై తోటి రోగులకి సాయం చేసే మనిషిగా) పేరు రాయించుకున్న ఒకావిడ ఉంది. బట్టలు కుడుతుంది. వారంలో నాలుగు రోజులు పొద్దున వచ్చి నిలబడటానికి ఒప్పుకుంది. ఆవిడ చూపించే తీరు మా కార్డులో లేదు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ల పక్కన నిలబడి, "నేను కూడా ఇలాగే సిగ్గుపడి ఉమ్మేసి ఇచ్చీసినాను, రెండు నెలలు ఆలీసం అయిపోనాది" అంటుంది. అంతే, తర్వాత దగ్గి చూపిస్తుంది. ఆవిడకి రోజుకి కొంత ఇవ్వడానికి గ్రాంట్‌లో పద్దు లేదు. ప్రయాణ ఖర్చుల పద్దులోంచి ఇద్దామంటే ఆవిడ ప్రయాణమేమీ చేయట్లేదన్నారు. మొదటి రెండు నెలలు నేనిచ్చాను. తర్వాత పద్దు మార్చడానికి అనుమతి వచ్చింది.

ఏం తేలింది

పేపర్ ఇప్పుడు జర్నల్ రివ్యూలో ఉంది, అంకెలు అచ్చయ్యేదాకా ఇక్కడ వేయను. ఏ దిక్కుకి పోయాయో చెప్పగలను. ఆడవాళ్ల కప్పుల్లో వట్టి ఉమ్ము వచ్చేవి స్పష్టంగా తగ్గాయి, ఫోటోలు చూసిన బయటి టెక్నీషియన్ లెక్కలో కూడా. మగవాళ్లలో పెద్ద తేడా లేదు. ఇది రావల్పిండి వాళ్లకి కనపడిన దిక్కే. పాజిటివ్‌లు పెరిగాయా అన్నది చెప్పడానికి మా సంఖ్య చాలదు. డ్రాఫ్ట్‌లో ఆమె "పెరిగే సూచన ఉంది" అని రాసింది. నేను ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం మాత్రం పెట్టాను, కొట్టేయలేదు. తర్వాతి డ్రాఫ్ట్‌లో ఆమే తీసేసింది. మార్పుకి ముందు నెలలు ఎండాకాలం, తర్వాతవి వానాకాలం. దగ్గు తీరే వేరు. ఆ లోపాన్ని కూడా దాచకుండా రాసింది.

మేం వెతకనిది ఒకటి దొరికింది. చాటు వల్ల అక్కడికక్కడ ఇచ్చే కప్పు బాగుపడింది. రెండో కప్పు, అంటే పొద్దున్నే తీసి తేవాల్సినది, మాత్రం ఏమీ మెరుగవలేదు. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చే వాళ్లలో చాలామంది ఆ కప్పు తిరిగి తేలేదు. కారణం సిగ్గు కాదు. రెండో రోజు మళ్లీ బస్సు, మళ్లీ కూలి పోవడం. నీడ వలతో తీరే సమస్య కాదిది. ఇప్పుడు ఆమె రాస్తున్న రెండో ప్రపోజల్ దీని మీదే: ఆ కప్పు ఆశా కార్యకర్త చేతికిస్తే దగ్గర్లోని ట్రూనాట్ కేంద్రానికి చేరుతుందా అని. 18 లక్షల జన్యుక్రమం ప్రపోజల్ కూడా పారేయలేదు, ఫైల్లో ఉంచుకుంది. ఉంచుకోవాలి.

పేపర్ రాసేటప్పుడు నాకు చేతులు ఊరకుండేవి కావు. ఆమె వాక్యాలు పొడుగు, నావి పొట్టి. ఐదు డ్రాఫ్టులు. ప్రతి దాంట్లో నేను పక్కన ప్రశ్నలు రాశాను, వాక్యాలు రాయలేదు. నేనే రాస్తే రెండు రాత్రుల్లో అయిపోయేది. పది వారాలు పట్టింది. ఇంగ్లీషు ఇప్పటికీ నాకు నచ్చినట్టు లేదు, కానీ రివ్యూయర్ అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆమె నన్ను అడక్కుండా జవాబు రాసింది.

ఎంబీబీఎస్ పిల్లలు చిన్న పరిశోధన చేయడానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ 1979 నుంచి ఉంది, టీబీ కార్యక్రమంలో థీసిస్‌కి సాయం ఉంది. అడిగే పిల్లలు తక్కువ, పక్కన కూర్చునే వాళ్లు ఇంకా తక్కువ. మా విభాగంలో ఇప్పుడు గురువారం మధ్యాహ్నం ఇంకో ఇద్దరు వస్తున్నారు. ఒకడి పేజీలో చేతిరాత నాకు అర్థం కాదు, చదివి వినిపించమంటాను.

మిగిలిన 7 వేల చిల్లర సంగతి. కిందటి అక్టోబరు గాలివానకి ఆ వల ఒక వైపు చిరిగిపోయింది. కొత్తది వేయడానికి 3 వేలు చాలు. కానీ ప్రాజెక్టు గడువు అయిపోయింది కాబట్టి ఆ డబ్బు వాడకూడదు, తిరిగి కట్టేయాలి. కట్టేసి రసీదు ఫైల్లో పెట్టాం. వలకి ఆస్పత్రి నిర్వహణ పద్దులో ఇండెంట్ పెట్టి మూడు నెలలైంది. ప్రస్తుతం ఆ చిరిగిన వైపు మా ఛాంపియన్ తన ఇంటి నుంచి తెచ్చి కట్టిన పాత చీర ఉంది.